యాప్రాల్‌లో వాన

1948 సెప్టెంబర్ 23, గురువారం. ఉదయం పది గంటల నలభై నిమిషాలకు సలోమి జీవశాస్త్రం ల్యాబులో అల్మారా తాళం తీసి, ఇంటర్మీడియట్ పిల్లల హెర్బేరియం కట్టలు, అంటే ఎండిన మొక్కలు కుట్టిన అట్టలు, ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది. పదకొండింటికి ప్రాక్టికల్. కప్పలు రాలేదు. కప్పలు పట్టి తెచ్చే మనిషి పదమూడో తారీఖు నుంచి కనపడలేదు. అందుకని నల్లబల్ల మీద 'మందార పువ్వు, నిలువుకోత' అని రాసి, చేతికంటిన సుద్ద దులుపుకుంది.

అది ఆడపిల్లల కాలేజీ. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిచి పది నిమిషాల దారి. వారం రోజులు మూతబడి సోమవారమే తెరిచారు. ఆ వారంలోనే నిజాం సైన్యం లొంగిపోయింది, ఇండియా సైన్యం ఊళ్ళోకి వచ్చింది. ఇరవై రెండు మంది పిల్లల్లో పద్నాలుగు మందే తిరిగొచ్చారు.

ప్రాక్టికల్‌కు ముందు కట్టలు పరచడం ఎప్పుడూ ఉన్న పనే. దళసరి అట్టల మీద కుట్టిన ఆ రెమ్మలకు, బయట వాటి తల్లిమొక్కలకు ఏం జరిగితే అదే జరుగుతుంది. అల్వాల్‌లో వాన పడితే అల్వాల్ నుంచి తెచ్చిన తుమ్మి తడుస్తుంది. రైలు కట్ట మీది ఉత్తరేణి మీద బొగ్గు నుసి పడుతుంది. ఎక్కడైనా మేక మూతి పెడితే అట్ట మీద ఆకు సగం పోతుంది. కాబట్టి తడిసిన వాటికి అద్దుడు కాగితాలు మార్చాలి, నుసి పడిన వాటిని కుంచెతో దులపాలి. ఆ పని అటెండర్ రాములుది.

"టీచరమ్మా, అల్వాల్ల వాన షురూ అయింది," అన్నాడు రాములు ఓ అట్ట ఎత్తి చూపిస్తూ. "మా బిడ్డ అత్తగారోళ్ళు నిన్ననే మిరపకాయలు ఆరబోసిండ్రు. జెర సైకిల్ మీద పోయి చెప్పి వస్తా?"

"నువ్వు పోయేసరికి మిరపకాయలు చెరువులో ఉంటాయి. కాగితాలు మార్చు."

"మీకు మిరపకాయల విలువ తెల్వది," అని గొణుక్కుంటూ రాములు అద్దుడు కాగితాల దొంతర తెచ్చాడు.

బోయినపల్లి రోడ్డు పక్కన కోసిన గడ్డిచామంతి మీద టైరు అచ్చు పడి ఉంది. శనివారం సైన్యం ఆ దారినే వచ్చింది. సలోమి భూతద్దంతో ఓసారి చూసి, ఆ అట్టను పక్కన పెట్టింది. ఆ పిల్లను ఇంకో మొక్క తెచ్చుకోమనాలి.

పదకొండు గంటలకు రైల్వే వర్క్‌షాపు కూత వినిపించింది. సలోమి హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలిచింది. నూర్‌బీ పేరు దగ్గర ఎవరూ పలకలేదు.

"ఊరికి పోయిండ్రు టీచర్," అంది సుమిత్ర. ఇద్దరూ మెట్టుగూడ పిల్లలే. ల్యాబులో ఒకే బల్ల. "బీదర్‌కు. వాళ్ళ అమ్మమ్మ ఇంటికి. బయట తాళం ఏసి ఉన్నది."

నూర్‌బీ తండ్రి పేరు మౌలా అలీ, దర్జీ. వేసవిలో రజాకార్లు మూడు వందల ఖాకీ చొక్కాలు కుట్టమన్నారు, కుట్టాడు. కుట్టనని చెప్పే వీలు ఆ రోజుల్లో ఎవరికీ లేదు. పంతొమ్మిదో తారీఖున పోలీసులు వచ్చి అతణ్ణి తీసుకుపోయారు. తాళం సంగతి అందుకే ఎవరికీ వింతగా తోచలేదు. సలోమి పట్టీలో 'గైరుహాజరు' అని వేసింది.

కప్ప కపాలనాడులు పదింటినీ తెంపకుండా బయటికి తీయగలిగిన పిల్ల, పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఆమెకు ఈ ఒక్కతే కనపడింది. సెప్టెంబర్ 30, సాయంత్రం నాలుగు గంటలకు పరీక్ష రాసేవాళ్ళ జాబితా యూనివర్సిటీకి పోతుంది. హెర్బేరియం మీద టీచర్ సంతకం ఉండాలి. పిల్ల స్వయంగా వచ్చి ఆఫీసు పుస్తకంలో సంతకం పెట్టాలి. లేకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోయిన ఆడపిల్లను మళ్ళీ కాలేజీకి పంపిన ఇల్లు సలోమి చూడలేదు.

పదకొండు దాటి అయిదు నిమిషాలకు రాములు పిలిచాడు.

"యాప్రాల్ల వాన అంట టీచరమ్మా! ఇది చూడుండ్రి."

నూర్‌బీ కట్టలో ఇరవయ్యో అట్ట. సబ్జా రెమ్మ. నాలుగు పలకల కాడ, గుత్తులు గుత్తులుగా పూత. లేబుల్ మీద గుండ్రటి అక్షరాలు: 'సేకరించిన చోటు: యాప్రాల్ చెరువు గట్టు. తారీఖు: 11 జూలై 1948. సేకరించినవారు: నూర్‌బీ.' అట్ట తడిసి ఉంది.

"మాది యాప్రాలే," అన్నాడు రాములు. "పొద్దున వచ్చేటప్పుడు మబ్బు సుత లేకుండె."

"నువ్వొచ్చాక పడి ఉంటుంది," అని సలోమి మందార పువ్వు దగ్గరికి పోయింది.

సోమవారం వానపాము కోశారు. పదకొండు గంటల నాలుగు నిమిషాలకు ఆ సబ్జా మళ్ళీ తడిసింది. ఈసారి రాములుకు కోపం వచ్చింది.

"మొన్న ఇంటికి పోయి మా ఆడామెను అడిగిన. చినుకు పడలేదన్నది. నాకు మతి పోయిందని నవ్వింది సుత. ఈ సబ్జా అబద్ధం ఆడుతున్నది టీచరమ్మా."

"మొక్క అబద్ధం ఎందుకాడుతుంది రాములూ?"

అని, ఆమె అక్కడే ఆగింది. తక్కిన కట్టల్లో యాప్రాల్ చెరువు గట్టు నుంచి తెచ్చినవి ఇంకో నాలుగు ఉన్నాయి. తీసి చూసింది. నాలుగూ పొడిగా గలగలలాడుతున్నాయి.

ల్యాబు గోడ మీద ఆమె దస్తూరీతోనే ఓ కాగితం అంటించి ఉంది. ఇరవై మొక్కలు, అయిదు చోట్ల నుంచి తగ్గకూడదు, ఇంటి మొక్కలు పనికిరావు, ఎవరి మొక్క వారే కోయాలి, ఒక్క లేబుల్ అబద్ధమైనా కట్ట మొత్తం రద్దు. పిల్లలు ఆ కాగితానికి ప్రిన్సిపాల్ కన్నా ఎక్కువ భయపడతారు.

మంగళవారం, బుధవారం ఆమె పని కల్పించుకుని పదకొండింటికి ల్యాబుకొచ్చి చూసింది. సబ్జా తడవలేదు.

30వ తారీఖు, గురువారం. వర్క్‌షాపు కూత కూసింది. సలోమి పేర్లు పిలవడం మానేసి, చేతి గడియారం విప్పి సబ్జా పక్కన పెట్టి కూర్చుంది. పిల్లలు చుట్టూ చేరారు. పదకొండు దాటి నాలుగు నిమిషాలకు కాడ కింది కొన నల్లబడింది. తడి అక్కణ్ణుంచి పైకి పాకింది. ఆకుల మీద ఒక్క బొట్టు లేదు.

"వాన ఆకుల మీద పడుతుంది," అంది సలోమి. ఎవరికీ అని కాదు, పాఠం చెప్పినట్టే. "ఇవి మొదలు దగ్గర పోసిన నీళ్ళు. వాన టైంటేబుల్ చూసుకుని సోమవారం, గురువారం పడదు. ఈ మొక్క ఎక్కడుంది సుమిత్రా?"

సుమిత్ర గోడ మీది కాగితం వైపు చూసింది.

"దాన్ని చూడకు. నన్ను చూసి చెప్పు."

"యాప్రాల్ల లేదు టీచర్." "నూర్‌బీని చెరువు గట్లకు, కట్టలకు ఎవరు పంపుతరు? గొడవల దినాలు. తక్కిన పంతొమ్మిది నేనే కోసి ఇచ్చిన. మా నాయనతోటి పోయి తెచ్చిన. ఇరవయ్యోది దొరకలే. వాళ్ళింట్ల కుండీల సబ్జా కోసి, యాప్రాల్ అని రాసింది. రద్దు చేస్తరా టీచర్?"

సబ్జా చెరువు గట్టు మీద మొలవదు. వృక్షశాస్త్రం చెప్పే మనిషికి ఆ సంగతి జూలైలోనే తట్టి ఉండాలి. గుండ్రటి అక్షరాలు చూసి సలోమి మురిసిపోయింది, మొక్కను చూడలేదు.

"తాళం బయట ఉంటే కుండీకి నీళ్ళు ఎవరు పోస్తున్నారు?" అంది.

రాములు అద్దుడు కాగితాలు కింద పెట్టాడు. "జట్కా పిలుస్త," అన్నాడు.

మెట్టుగూడలో ఆ ఇల్లు సందు చివర ఉంది. తలుపుకు పిడికెడంత తాళం. పక్కింటి వాళ్ళ తలుపు కూడా మూసే ఉంది. సుమిత్ర గొళ్ళెం పక్కనున్న సందులో నోరు పెట్టి, "నూరూ, నేనే. టీచర్ వచ్చిండ్రు," అంది.

తరవాత లోపల్నుంచి, బాగా దగ్గర్నుంచి: "ఏ టీచర్?"

"నేనమ్మా. సలోమిని."

"సోమవారం ఏం కోసిండ్రు టీచర్?"

"వానపాము."

"నాడీతాడు తెంపకుండ ఎవరికన్నా వచ్చిందా?"

"ఎవరికీ రాలేదు."

"యా అల్లా!" ఇంకో గొంతు. నూర్‌బీ తల్లి జాన్ బీ. "బయట పోలీసులు తిరుగుతుంటే ఇదేమో వానపాము అంటది! టీచరమ్మా, మెల్లగ మాట్లాడుండ్రి. మేం ఇంట్ల లేము."

"లేరనే అందరూ అనుకుంటున్నారు," అంది సలోమి. "నేనూ అనుకున్నాను. ఆ నీళ్ళు ఎందుకు పోశావు నూర్‌బీ?"

"కూత కూసినంక మీరు పేర్లు పిలుస్తరు గద టీచర్." సిగ్గుపడుతున్నట్టు అంది. "నేను హాజరని చెప్పిన."

రెండు గైరుహాజర్లు ఆమె చేతితోనే వేసినవి.

తాళం చెవి జాన్ బీ తమ్ముడు నాసర్ దగ్గర ఉంది. చీకటి పడ్డాక వచ్చి తిండి ఇచ్చి పోతున్నాడు. ఆ రోజు మాత్రం పట్టపగలే వస్తాడట. బీదర్‌కు ఓ లారీ పోతోంది. ముగ్గురికి చోటు మాట్లాడాడు. ఇదంతా జాన్ బీ తలుపు సందులోంచి ముక్కలు ముక్కలుగా చెప్పింది. లోపల నుంచి చెయ్యి కనపడదు, మొహం కనపడదు. జాన్ బీ ఊపిరి మాత్రం తెలుస్తోంది.

ఒంటిగంటన్నరకు నాసర్ వచ్చాడు. సైకిల్ షాపు మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. మెట్ల మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళను, దూరంగా జట్కా దగ్గర నిలబడ్డ రాములును చూసి ఆగిపోయాడు. విషయం విన్నాక కోపం వచ్చింది.

"దస్తకత్తా? మా బావ లాకప్పుల ఉన్నడు. మేం పానం కాపాడుకుందుమా అని చూస్తున్నం. మీకు దస్తకత్తు కావాల్నా?"

"నాలుగు గంటల్లోపు పెట్టకపోతే దాని చదువు ఇక్కడితో ఆగిపోతుంది."

"ఆగితే ఆగనీ. బీదర్ల కాలేజీ లేదా ఏందీ?"

"ఆడపిల్లలకు లేదు మామా," అంది నూర్‌బీ. తాళం తీయగానే గడప దగ్గరికొచ్చి నిలబడింది. పన్నెండు రోజులు ఎండ తగలక మొహం తెల్లబడి ఉంది. "నువ్వే గద చెప్పినవు, లారీ నాలుగింటికి అని. అప్పటికి వస్త. సంతకం పెట్టి వస్త. అమ్మా, నువ్వు చెప్పవే."

జాన్ బీ కొడుకులు లేని మనిషి. కూతుర్ని కిందికీ పైకీ చూసింది. "మూటలు నేను కడత," అంది చివరికి. "జల్ది తోలుకరాండ్రి టీచరమ్మా. చీకటిలోపల సంగారెడ్డి దాటాలని ఆ డ్రైవర్ ఒక్క నిమిషం సుత ఆగడు."

"మూడున్నరకు తెచ్చి అప్పజెప్తాను," అంది సలోమి. మాట ఇస్తే నిమిషాలతో సహా నిలబెట్టుకునే మనిషని ఆమెకు పేరు.

కాలేజీ చేరేసరికి రెండు దాటి పది నిమిషాలు. సలోమి నూర్‌బీ కట్ట విప్పి ముందు పెట్టింది. సంతకం పెట్టడానికి కలం తీసింది. పెట్టలేదు.

"లేబుళ్ళు," అంది. "పంతొమ్మిదింటి మీద సేకరించింది నువ్వని ఉంది."

"టీచర్!" సుమిత్ర ఇంచుమించు అరిచింది. "ఇరవై ఉన్నయి! ఇప్పుడు ఇట్లనే పెట్టుండ్రి. ఎవరు చూస్తరు? లారీ పోతది."

"తప్పు దిద్దుకుంటే రద్దు చెయ్యను. దిద్దకుండా నేను సంతకం పెట్టలేను." ఆ మాట అంటున్నప్పుడు తన గొంతు తనకే నచ్చలేదు. "నూర్‌బీ, నీ ఇష్టం. ఇప్పుడే వెళ్ళిపోతానంటే జట్కా బయటే ఉంది."

నూర్‌బీ గడియారం చూసింది. కాగితాలు చూసింది. "కొత్త లేబుళ్ళు ఇయ్యుండ్రి," అంది.

సుమిత్ర చెప్తుంటే రాసింది. పేరు, కుటుంబం, చోటు, తారీఖు, సేకరించినవారు. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. ఇద్దరూ మధ్యలో గొడవపడ్డారు కూడా.

"తంగేడు నువ్వు లాలాగూడల తెచ్చినవా, అల్వాల్లనా?"

"అల్వాల్. నన్ను కుక్క తరిమింది చూడు, ఆ దినం."

"అది ఉమ్మెత్త దినం."

"కుక్క రెండు దినాలు తరిమిందే!"

పిల్లలు నవ్వారు. రాములు గుమ్మంలో నిలబడి జట్కా గుర్రాన్ని, గోడ గడియారాన్ని మార్చి మార్చి చూస్తున్నాడు. మూడున్నరకు పదిహేడు లేబుళ్ళయ్యాయి. సలోమి లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. మూడు గంటల నలభై రెండు నిమిషాలకు ఇరవయ్యోది అయింది: 'మెట్టుగూడ, మా ఇల్లు, కుండీ.' సలోమి ఇరవై అట్టల మీదా సంతకం చేసింది. ఆఫీసు గదిలో గుమాస్తా పుస్తకం తిప్పి పెట్టాడు. నూర్‌బీ తన పేరు రాసినప్పుడు నాలుగుకు పది నిమిషాలు తక్కువ.

జట్కా మెట్టుగూడ సందు మొదట్లో ఆగేసరికి నాలుగు గంటల పన్నెండు నిమిషాలు. రోడ్డు మీద లారీ లేదు. ఇంటి మెట్ల మీద నాసర్ ట్రంకుపెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. జాన్ బీ బురఖా వేసుకుని, మూటలు ఒళ్ళో పెట్టుకుని, గడప లోపల గోడకానుకుని ఉంది.

"పోయింది," అన్నాడు నాసర్. "డ్రైవర్ ఆగలే. ఎక్కించిన సామాన్ నేనే దించిన. అక్కను, బిడ్డను ఇడిచి నేనొక్కణ్ణి పోవాల్నా? మా మూడు సీట్లు నిమిషంల వేరేటోళ్ళు తీసుకున్నరు."

సలోమి నోరు తెరిచింది.

"ఏం చెప్పకుండ్రి టీచరమ్మా," అంది జాన్ బీ. గొంతు పెంచలేదు. "మూడున్నర అన్నరు. మిమ్ముల నమ్మిన."

మూడున్నర అన్నమాట నిజం.

మర్నాడు సలోమి తల్లీకూతుళ్ళిద్దర్నీ కాలేజీ వెనక ఉన్న తన క్వార్టర్‌కు తీసుకొచ్చింది. జాన్ బీ రానంది; నాసర్ మళ్ళీ లారీ మాట్లాడేదాకా అని ఒప్పించారు. రెండు గదుల ఇల్లు. ఓ గది వాళ్ళకిచ్చింది. జాన్ బీ పొద్దున్నే లేచి రొట్టెలు చేసేది, సలోమి వంతు మూత పెట్టి ఉంచేది, మాట మాత్రం లేదు. ఆదివారం సలోమి చర్చి నుంచి వచ్చి, లాకప్పులో మౌలా అలీకి ఎవరో తువ్వాలు ఇచ్చొచ్చారట అని చెప్తే, తల మాత్రం ఊపింది. సోమవారం నూర్‌బీ ప్రాక్టికల్‌కు వచ్చింది. పేరు పిలవగానే గట్టిగా పలికింది. సుమిత్ర పక్కన కూర్చుని వానపాము నాడీతాడు తెంపకుండా తీసింది. సలోమి పట్టీలో పాత గైరుహాజర్లు రెండూ కొట్టేసి, పక్కన చిన్న సంతకం చేసింది.

ప్రతి రాత్రీ పడుకునే ముందు ఆమె మనసులో ఆ లెక్క తిరిగేది. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. సగం లేబుళ్ళు వదిలేసి ఉంటే లారీ అందేది. ఆ తల్లీకూతుళ్ళు ఈపాటికి సొంత మనుషుల మధ్య ఉండేవాళ్ళు. సంతకం బీదర్ నుంచి పోస్టులో తెప్పించుకునే ఏర్పాటేదో చూసి ఉండవచ్చు. అప్పుడు తట్టలేదు.

అక్టోబర్ 5, మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు నాసర్ ల్యాబు గుమ్మం దగ్గరికి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. రాములు స్టూలు తెచ్చి వేశాడు, కూర్చోలేదు. తెల్లారినప్పటి నుంచి, గురువారం పోయిన ఆ లారీ యజమాని ఇంటి ముందే ఉన్నానని చెప్పాడు. అక్కడ ఇంకా చాలామంది ఉన్నారట.

"సంగారెడ్డి కాడ పోలీసులు లారీల ఉన్నోళ్ళ పేర్లు రాసుకున్నరంట టీచరమ్మా," అన్నాడు. "పద్నాలుగు మంది. మా సీట్లల్ల ఎక్కిన ముగ్గురితోటి కలిపి."

కిందికి చూస్తూ టోపీ అంచు తిప్పాడు.

"ఆరింటికి లారీ సంగారెడ్డి దాటింది. బీదర్ చేరలే."